పైవాటా మిషన్

"తలుపు అవతల నిలబడ్డ మనిషిని ఆమె వెంటనే గుర్తుపట్టలేదు..."

అక్కడిదాకా బాగానే రికార్డయింది. ఆ తర్వాత కంప్యూటర్ తెర మీద ఆకుపచ్చ గీత కదలడం మానేసింది.

చదివే మనిషి మాత్రం మానలేదు. ఇంకో పేజీన్నర అభినయంతో సహా చదివేశాక చూసుకుంది.

"మళ్ళీ బిగుసుకుపోయింది!" అని కేకేసింది.

"ఆపి ఆన్ చెయ్యి," అన్నాడు హాల్లోంచి భర్త. ఆయన దగ్గర అన్ని రోగాలకూ అదే మాత్ర.

"చేశాను."

"అయితే ఇంకోసారి చెయ్యి."

ఇంట్లో ఆమె పేరు రేడియో. ఆపే మీట లేదని అత్తగారు పెట్టిన పేరు. ఇన్నాళ్ళకు ఆ గొంతుకో గిరాకీ వచ్చింది. ఆడియో పుస్తకాలు చేసే సంస్థ ఒకటి ఆమె చేత ఓ నవల చదివిస్తోంది. నెలాఖరులోగా చివరి అధ్యాయం అందకపోతే మాత్రం, పుస్తకం మొత్తం మొదటి నుంచి ఇంకొకరి చేత చదివించుకుంటామని మర్యాదగానే చెప్పింది.

పడగ్గదే స్టూడియో. గోడలకు దుప్పట్లు, తలుపుకు బొంత, వెనకాల బార్లా తెరిచిన బట్టల బీరువా. పైవాటాలో పొద్దున్నుంచీ గడగడలాడే కుట్టుమిషన్ కూడా, మధ్యాహ్నం ఆమె మైకు ముందు కూర్చుంటే వినిపించదు.

"నా దుప్పట్లు దాటి చీమ దగ్గు కూడా లోపలికి రాదండీ," అని సంస్థవాళ్ళకు ఫోన్లో గొప్పగా చెప్పుకుంది.

సాఫ్ట్‌వేర్ రోగమే అంతుపట్టలేదు. మైకు వైరు మార్చింది. ప్రోగ్రాం తీసేసి మళ్ళీ ఎక్కించింది. తెరిచి ఉన్నవన్నీ మూసేసింది. అయినా పావుగంట చదివేసరికి గీత నిద్రపోయేది.

"పైన ఆ టైలరు మిషన్‌కి మోటారు పెట్టించాడుగా," అంది అత్తగారు. "కరెంటంతా వాడే తాగేస్తుంటే నీ కంప్యూటర్‌కి ఏం మిగుల్తుందే?"

కంప్యూటర్‌తో ఆవిడకున్న పరిచయం దుమ్ము తుడవడం వరకే. కానీ ఒళ్ళు మండుతున్నవాళ్ళకు ఎవరో ఒకరు దొరికితే చాలు.

రేడియో మెట్లెక్కింది.

టైలరు అరవై దాటిన మనిషి. ఏడాదిగా పైన ఉంటున్నా, ఎదురుపడితే తలూపడం తప్ప మాటల్లేవు. ఆమెను చూసి, ఒళ్ళో ఉన్న చొక్కా పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు.

"ఏమండీ, మీ మోటారు వల్ల నా పనంతా పాడైపోతోంది."

"నా మోటారు వల్లనా? అదేంటమ్మా, మీరు చదివేటప్పుడు నేను..."

"చదివేటప్పుడే కదండీ నా ఏడుపంతా! సగంలో బిగుసుకుపోతోంది. ఒకే కప్పు కింద ఉన్నాక, పక్కవాళ్ళదీ ఓ పనేనన్న ఇంగితం కాస్తయినా ఉండొద్దూ?"

ఆయన పక్కన పెట్టిన చొక్కాకి చేతిలోని సూది గుచ్చాడు.

"సరేనమ్మా."

"సరే అంటే?"

"ఇంకేమంటాను తల్లీ. మీరు ఇబ్బంది పడకూడదు."

వారం తిరక్కుండా వాటా ఖాళీ చేసి వెళ్ళిపోయాడు.

"పీడా పోయింది," అంది అత్తగారు.

పైన మోటారు తిరగడం లేదు. కింద గీత మాత్రం ఎప్పటిలాగే నిద్రపోయింది.

అప్పుడు కూర్చుంది రేడియో, కొంగు బిగించి. చిన్న చిన్న ముక్కలు చదివితే బాగానే ఉంది. పొడుగ్గా చదివితేనే ఆగుతోంది. అంటే లోపం చదవడంలో లేదు, చదివింది దాచడంలో ఉంది. సాఫ్ట్‌వేర్ దాన్ని ఎక్కడ దాస్తోందో వెతికింది. దొరికింది. ఆ ఫోల్డర్‌లో ఏది పడినా తనంతట తానే ఇంటర్నెట్‌లోకి కాపీ అవుతోంది. రికార్డయ్యే ఫైలును ఇటు సాఫ్ట్‌వేర్, అటు ఆ కాపీ చేసేదీ, చెరో కొసా పట్టుకుని లాగుతున్నాయి.

"ఇదెవరు పెట్టారు?"

"నేనే," అన్నాడు భర్త గర్వంగా. "నీ రికార్డింగులు భద్రంగా ఉంటాయని."

"భద్రంగానే ఉన్నాయి. నాక్కూడా దొరకనంత భద్రంగా."

ఫైలు వేరే చోట పడేలా మార్చింది. గంటసేపు చదివినా గీత కునుకు తీయలేదు.

"చూశారా, ఆపి ఆన్ చెయ్యకుండానే!"

టైలరు గుర్తొచ్చి మనసు కాస్త చివుక్కుమంది. పోన్లే, ఎక్కడైనా కనిపిస్తే ఓ మాట చెబితే సరి, అనుకుంది.

గడువుకి చివరి రోజు. మిగిలింది చివరి అధ్యాయం. దుప్పట్లు సర్ది, తలుపేసి, గొంతు సవరించుకుంది.

గడగడగడ.

ఆగి, మళ్ళీ మొదలుపెట్టింది.

గడగడగడ. ప్రతి మాట కిందా అదే. తలుపుకు ఇంకో బొంత కట్టింది. బీరువాలో బట్టలన్నీ తెచ్చి మైకు చుట్టూ పేర్చింది. మంచం మీది పరుపు కూడా లేపి గోడకు ఆనించింది. చప్పుడు పిసరంత తగ్గలేదు.

పరుగున పైకెళ్ళింది. నిన్ననే కొత్తగా దిగిన ఆవిడ మిషన్ ముందు కూర్చుని ఉంది.

"ఏమండీ, ఇదెక్కడి మిషనండీ, ఇంత చప్పుడు? ఇదివరకు ఉన్నాయనది మధ్యాహ్నం అస్సలు వినిపించేదే కాదు!"

"ఇది ఆయనదేనక్కా. వాటా ఖాళీ చేస్తూ మిషన్ నాకే అమ్మి వెళ్ళాడు."

"అదే మిషనా? మరి ఏడాదిగా నాకెందుకు..."

కొత్తావిడ ఆమెను ఎగాదిగా చూసింది. నాలిక్కరుచుకుని, చటుక్కున మిషన్ పెడల్ మీంచి కాలు వెనక్కి తీసుకుంది.

"అయ్యో, కింద చదివే అక్క మీరేనా? మధ్యాహ్నం ఆవిడ గొంతు వినిపించినంతసేపూ మిషన్ ముట్టుకోకు, కాజాలూ గుండీలూ చేత్తో కుట్టుకో, ఇక్కడున్నన్నాళ్ళూ నేనూ అదే చేశానని, తాళం చేతికిస్తూ ఆయన మరీమరీ చెప్పి వెళ్ళాడక్కా, నేనే మర్చిపోయాను."