నాలుగు రెట్ల టీకా

"రేపట్నుంచి నువ్వు పనిలోకి రావద్దు, లమ్‌దువన్," అన్నారు ప్రొఫెసర్ విరోట్, ఎలుకల గది గుమ్మంలో నిలబడి.

పంతొమ్మిదేళ్లుగా ఆ గదిలో ఎలుకలకు మేత వేసి, పెట్టెలు కడుగుతున్న లమ్‌దువన్ చేతిలో ఉన్న మేత డబ్బా కింద పెట్టేసింది. పింఛను రావడానికి ఇంకా పద్నాలుగు నెలలే ఉంది.

జరిగిందేమిటంటే, టీకా వేసిన ఎలుకలకు బ్యాక్టీరియా సోకింది. పొద్దున్నే ఆ రిపోర్టు పట్టుకొచ్చింది ఆయన శిష్యురాలు వరున్యా. రోగాన్ని ఎదిరించే టీ కణాలు తన టీకాతో నాలుగు రెట్లు పెరిగాయని విరోట్ గారు మా ఖోన్ కేన్ ఊరంతా చాటుకుని రెండు నెలలైంది. తీరా చూస్తే ఆ కణాలు లేచింది టీకాను చూసి కాదు, బ్యాక్టీరియాను చూసి. పాపం, పెద్దాయనకు కోపం రాదూ మరి! అత్త మీది కోపం దుత్త మీద చూపించారు.

"చేతులు కడుక్కోకుండా ముట్టుకునుంటావు," అన్నారాయన.

"అలాగైతే రెండు వరసలకీ అంటుకోవాలి కద్సార్. టీకా వెయ్యని వరస నిక్షేపంలా ఉంది."

"ఎదురు చెప్పకు."

పక్కనే ఉన్న వరున్యా గొంతు సవరించుకుంది. "సార్, మేత, తాగే నీళ్లు, ఈ పెద్దమ్మ చేతులు, అన్నీ పరీక్ష చేశాను. ఎక్కడా లేదు. ఒక్కచోటే దొరికింది."

"ఎక్కడ?"

ఆ పిల్ల నేల చూపులు చూసింది. గురువు తప్పును గురువు మొహానే చెప్పే అలవాటు మా దేశంలో లేదు.

"చెప్పు. ఎవరైనా సరే, వదిలిపెట్టను."

"మూడు నెలల కిందట ఎలుకలకు పుణ్యకార్యం చేయించాం కద్సార్. ఆ తీర్థం పాత్రలో."

మా దేశపు ప్రయోగశాలల్లో పోయిన ఎలుకల కోసం ఏటా భిక్షువును పిలిచి పుణ్యకార్యం చేయిస్తాం. ఈసారి వచ్చిన ముసలి భిక్షువు గుమ్మం దగ్గరే మంత్రాలు ముగించి వెళ్లబోయారు. విరోట్ గారే చెయ్యి అడ్డం పెట్టి, టీకా వరస మూతలు స్వయంగా తీసి, "భంతే, వీటి మీద బాగా చల్లండి, నా టీకా గట్టెక్కాలి," అన్నారు.

"పాత్ర తమరి గదిలోదే సార్," అంది లమ్‌దువన్ మెల్లగా. "నీళ్లు వారం నాటివని నేను అప్పుడే చెప్పా."

విరోట్ గారు స్టూలు లాక్కుని కూలబడ్డారు.

"ఇది ఇంకెవరికైనా తెలుసా?"

"మన ముగ్గురికే సార్," అంది వరున్యా.

"సైన్సు పత్రికవాళ్లు నిన్న ఉత్తరం రాశారు. ప్రయోగం ఇంకోసారి చేసి, ఇవే ఫలితాలు చూపిస్తేనే మన వ్యాసం అచ్చు వేస్తారట."

వరున్యా ప్రాణం లేచొచ్చింది. "మంచిదే కద్సార్. ఈసారి శుభ్రంగా చేద్దాం."

ఆయన ఆ మాట విననట్టే లమ్‌దువన్ వైపు తిరిగి, పంతొమ్మిదేళ్లలో మొదటిసారి చిరునవ్వు నవ్వారు.

"రేపు మామూలుగానే రా అక్కా. వచ్చేటప్పుడు ఆ భిక్షువుగారిని కూడా పిలుచుకురా. పాత్ర మాత్రం కడగొద్దు."