కాగితం ఎవరి చేతికి?

"పని బాగా నేర్పారు, చానా సంతోషం మేడం. కాగితం మాత్రం ఇవ్వమాకండి," అన్నాడు అమరేశ్వరరావు.

నరసరావుపేట శిక్షణ కేంద్రంలో పాఠాలు చెప్పే షెర్లీ అతని వైపు వింతగా చూసింది. నేర్చుకోకుండా సర్టిఫికెట్ ఇమ్మని అడిగేవాళ్ళు తెలుసుగానీ, నేర్చుకున్న మనిషికి ఇవ్వొద్దన్న వాళ్ళను చూడటం ఇదే మొదలంది.

అమరేశ్వరరావుది గురజాలలో లేతు షాపు. రాళ్ళు కోసే మిషన్లకు షాఫ్టులు, బుష్షులు చేసిస్తాడు. కిందటి నెలలో సీఎన్‌సీ మిషను దించాడు. కొలతలు ప్రోగ్రాముగా రాసి ఎక్కిస్తే దానంతట అదే ఇనుము చెక్కుతుంది. దాన్ని నడపడానికని, అది రాకముందే సౌందర్యను నాలుగు నెలల ట్రైనింగుకు పంపాడు. బాబాయ్ అని పిలుస్తూ మూడేళ్ళుగా అతని షాపులో లేతు మీద చేయి తిరిగిన పిల్ల.

ట్రైనింగు ఇవాళ్టితో అయిపోయింది. ఆఖరి పరీక్షలో ప్రోగ్రాము తనే రాసిందట. ముక్క బిగించకుండా ముందు మిషన్ను ఉత్తగా తిప్పి చూసుకుందట. ఆ తర్వాత చేసిన బుష్షును కొలిస్తే వెంట్రుక మందంలో పదో వంతు తేడా కూడా రాలేదట. షెర్లీ ఇదంతా చెబుతుంటే అమరేశ్వరరావుకు ఎంత సంతోషమైందో అంత గుబులైంది. ఇంకాస్త తక్కువ వచ్చుంటే బాగుండేది. తన మిషనుకు సరిపోయేంత, హైదరాబాదుకు చాలనంత.

అతని లెక్క తేలికే. ఇంతకుముందు ఇద్దరికి పని నేర్పాడు. ఇద్దరూ చేయి తిరగ్గానే హైదరాబాదు చేరారు. లేతుకు వేరేవాళ్ళు దొరికారు. సౌందర్య పోతే ఈ మిషను నడిపేవాళ్ళు గురజాలలో లేరు. దాని మీద దుప్పటి కప్పి దణ్ణం పెట్టుకోవాలి. అదే కాగితం లేకపోతే, ఎంత పని వచ్చినా పెద్ద కంపెనీలు గేటు దాటనివ్వవు.

"నాలుగు నెలలు తెల్లారకముందే బస్సెక్కి వచ్చిందండీ. ఆ కాగితం ఆమెది," అంది షెర్లీ మెల్లగా.

"కాదనలేదమ్మా. రెండేళ్ళు మీ దగ్గరే పెట్టుకోండి. పైనుంచి రాలేదనండి, సంతకం కాలేదనండి. ఏందో ఒకటి."

"పోతావా అని ఆమెనే అడగొచ్చు కదా?"

"అట్టా అడిగితే, పోవచ్చని మనమే దారి చూపించినట్టు కాదా?"

షెర్లీ బల్ల సొరుగు లాగి, కవర్లోంచి సర్టిఫికెట్ తీసి అతని ముందు పెట్టింది. సౌందర్య ఫోటో, సంతకం, సీలు అన్నీ ఉన్నాయి. అమరేశ్వరరావు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. ఇంకా ఇవ్వనందుకు ఆమెకు నమస్కారం పెట్టాడు.

"సౌందర్యకు పొద్దున్నే ఇచ్చానండీ. తీసుకున్నట్టు సంతకం పెట్టి, మళ్ళీ నాకే ఇచ్చింది," అంది షెర్లీ. "'హైదరాబాదు కంపెనీవాళ్ళకి రానని చెప్పేశాను మేడం. మిషను మా ఊరికే వచ్చినాక నేను యాడికి పోయేది? సాయంత్రం మా బాబాయి ఈ కాగితం ఇవ్వొద్దని చెప్పటానికి వస్తాడు. ఆయన చేతికే ఇయ్యండి, ఈ రాత్రికన్నా నిద్రపోతాడు' అంది."