నాగరత్నం చీర రంగు

వీడియో కంపెనీలు ఒక్కొక్కటే మూతపడటం మామూలైపోయాక, చీరాల సందుల్లో గడియారాలు బాగుచేసే దుకాణాల పక్కనే, ఆ కంపెనీల పాత వీడియోలు తెరిచిపెట్టే దుకాణాలూ వెలిశాయి. అలాంటి షమీమ్ దుకాణానికి నేతగాడు బాలకోటయ్య చనిపోయిన తన భార్య వీడియో తెచ్చాడు. చీర అంచుకు ఏ రంగు పోగు తర్వాత ఏ రంగు వెయ్యాలో నాగరత్నం అందులో చూపిస్తుంది. ఆ అంచు నేత ఇప్పుడు ఇంకెవరికీ రాదు.

ఆ వీడియో ఫార్మాట్ తయారుచేసిన కంపెనీ దాని గుట్టు ఎవరికీ చెప్పకుండానే చేతులెత్తేసింది. దేశదేశాలవాళ్లు కలిసి రాసుకున్న ఉచిత సాఫ్ట్‌వేర్ బొమ్మనైతే తెరిచింది గానీ, రంగులన్నీ తారుమారుగా వచ్చాయి.

"ఇందులో పిన్ని కట్టుకున్న చీర ఇంట్లో ఉందా బాబాయ్?"

"ఉందమ్మా. ఎందుకూ?"

"పట్రా. మిగతాది నే చూసుకుంటా."

చీరను తెర పక్కన పరిచి, తెరమీది ఒక్కో రంగూ చీర రంగుతో కలిసేదాకా షమీమ్ కోడ్ దిద్దింది. సాయంత్రానికి పోగులన్నీ తమ రంగుల్లోకి వచ్చాయి. బాలకోటయ్య కళ్లు తుడుచుకుని, పోగుల వరస రాసుకున్నాడు.

ఆ దిద్దుబాటును షమీమ్ అందరూ వాడే ఆ ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కలిపింది. ఇక ఆ ఫార్మాట్‌లో ఉన్న ఎవరి పెళ్లి వీడియోలు ఎక్కడ తెరిచినా అసలు రంగుల్లోనే కనిపిస్తాయి. చేసినవారి పేరు అడిగినచోట ఆమె తన పేరు పెట్టలేదు.

"నాగరత్నం, నేత, చీరాల" అని రాసింది.