పిల్లలకు ప్రవేశం లేదు

"మీ పాఠం టేపు మీరొక్కరే చూడాలె సార్. ఇంకెవ్వరం లోపలికి రాం" అంటూ వినయ్‌కుమార్ తాళంచెవి చాచాడు.

ఆదయ్య అందుకోలేదు. "తీసింది నువ్వే గద. చూసే ఉంటవు."

వినయ్‌కుమార్ తల వంచుకున్నాడు. మహారాష్ట్ర సరిహద్దులోని సిరొంచ బడిలో అందరికన్నా చిన్న మాస్టరు అతను. తల వంచుకోవడం చూసేసరికి, తన క్లాసు తీసేస్తారన్న ఆదయ్య అనుమానం గట్టిపడింది.

నెల కిందటి దాకా అది ఆటసామాన్ల గది. చిరిగిన వాలీబాల్ నెట్లు, డ్రిల్లులో ఆడించే తుప్పు పట్టిన లేజీములు బయటపడేసి, ఒక టీవీ, రెండు కంప్యూటర్లు, అరచేతిలో పట్టే వీడియో కెమెరా పెట్టారు. తలుపుకు మరాఠీలో బోర్డు కట్టారు: పిల్లలకు ప్రవేశం లేదు. సార్లు, మేడంలు కొత్త యంత్రాలతో తంటాలు పడడానికి, తమ పాఠం తాము చూసుకోవడానికి, ఎవరూ నవ్వకుండా తప్పులు చేయడానికి ఒక చోటు ఉండాలన్నది హెడ్మాస్టరమ్మ శోభారాణి పట్టు.

"నేను చూసుకున్న సార్" అంది వరండాలో కాపీలు దిద్దుతున్న రాజుబాయి మేడం. "ఒక్క పీరియడ్ల అరవై సార్లు 'సమజైందా' అన్న. గిట్ల అడుగుతుంటే సమజ్ కాకున్నా పిల్లలు ఏం జేస్తరు? అయిందనే అంటరు!" తన మాటకు తానే పగలబడి నవ్వింది.

ఆదయ్య నవ్వలేదు. వరండాలో ఆ చివరికి నడిచాడు, ఈ చివరికి వచ్చాడు. రోజూ పదకొండు గంటలకు కరెంటు పోతుంది. ఇంకా నలభై నిమిషాలుంది. చేతిలోని సుద్దముక్క ఎప్పుడు విరిచాడో ఆయనకే తెలియదు. నేరుగా శోభారాణి గదికి పోయాడు.

"మేడం, పదో తరగతి వినయ్‌కి ఇయ్యాలనుకుంటున్నరట. నిజమేనా?"

"కూసోన్రి ఆదయ్య సార్."

"కూసోను. చెప్పున్రి."

"మీ మంచికే అనుకున్న. ఆ పిల్లలందరు నవత తోటోళ్లు. పిల్ల పోయి మూడు నెల్లు గాలే. ఉంటే ఈపాటికి ఆ క్లాసులనే కూసునేది. రోజూ వాళ్ల మొఖాలు చూసుకుంట లెక్కలు ఎట్ల చెప్తరు సార్? జర ఆరాం తీసుకోన్రి."

"నా బిడ్డ సంగతి నా ఇంట్ల మేడం. గేటు బయట వదిలేసి వస్త. బడి తెరిచిన కాడ్నుంచి ఒక్క పీరియడ్ ఎగ్గొట్టిన్నా? క్లాసుల ఎన్నడన్న కండ్ల నీళ్లు పెట్టుకున్ననా? పిల్లలెవరన్న ఫిర్యాదు చేసిన్రా?"

"లేదు సార్. ఒక్కరు గూడ నోరిప్పలే."

"మరేంది?" ఆయన గొంతు పెరిగింది. పక్క గదిలో గుమాస్తా రాయడం ఆపాడు. ఆదయ్య గొంతు తగ్గించుకున్నాడు. "నాకిప్పుడు మిగిలింది ఆ క్లాసొక్కటే మేడం. అది గూడ తీసేయకున్రి."

శోభారాణి ముందున్న టైంటేబుల్ కాగితం పక్కకు జరిపింది. "టేపు చూడున్రి. చూసినంక గూడ నేనే చెప్త అంటే మీరే చెప్పున్రి. నేను అడ్డం రాను."

అంత సులువుగా ఒప్పుకుంటుందని ఆయన అనుకోలేదు. వినయ్‌కుమార్ చేతిలోంచి తాళంచెవి లాక్కున్నంత పని చేసి, గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు.

మీట నొక్కగానే టీవీలో పదో తరగతి కనిపించింది. కిటికీ పక్క నుంచి తీశారు. అటు బోర్డు, ఇటు బెంచీలు. పాఠం సగంలో ఉంది. నల్లబల్ల ముందు తనలాంటి మనిషి ఒకడు త్రిభుజం గీస్తున్నాడు. ఇంత చిక్కిపోయానా అనుకున్నాడు. కానీ గీత వణకలేదు. మరాఠీలో సిద్ధాంతం చెప్పాడు, వెనక బెంచీ బిక్కమొహం వేస్తే తెలుగులో మళ్లీ చెప్పాడు. భీము అనే పిల్లవాడు లేచి తప్పు జవాబిస్తే కసరలేదు. ఆ తప్పునే పట్టుకుని ఒప్పు దాకా నడిపించాడు. గంట కొట్టేసరికి లెక్క పూర్తయింది. ఎక్కడా తడబాటు లేదు.

ఆదయ్య తలుపు తీసి బయటికొచ్చాడు. చాన్నాళ్ల తర్వాత ఆయన భుజాలు నిటారుగా నిలిచాయి.

"చూసిన. ఏమున్నది దాంట్ల? వంక పెట్టు చూద్దాం!"

"పాఠానికి వంక పెట్టేటంతటోన్ని గాదు సార్" అన్నాడు వినయ్‌కుమార్. "మొదట్నుంచి చూసిన్రా?"

"మొదట్ల ఏమున్నది? హాజరు."

"అదే సార్. నోటితోని చెప్పరాక టేపు ఇచ్చిన."

ఆదయ్య గడియారం చూశాడు. కరెంటు పోవడానికి ఐదు నిమిషాలుంది. విసురుగా లోపలికి పోయి టేపును వెనక్కి తిప్పాడు. బోర్డు మీది త్రిభుజం మాయమైంది, పిల్లలు వెనక్కి వెనక్కి లేచి కూర్చున్నారు. ఆపి, మళ్లీ మీట నొక్కాడు.

టీవీలోని ఆదయ్య హాజరు పట్టీ తెరిచి పేర్లు పిలుస్తున్నాడు. ఇంటిపేరు, పిల్లల పేరు, తండ్రి పేరు. ఒక్కో పేరుకు ఒక్కో గొంతు: "హజర్ సర్." "హజర్ సర్." ఎవరూ ఎగతాళి చేయడం లేదు, ఎవరూ గుసగుసలాడడం లేదు. చివరి పేరు అయిపోయింది. ఆయన పట్టీ మూసేశాడు.

మూసిన పట్టీ మీద చేయి ఉంచి, కిటికీలోంచి బయటికి చూస్తూ, అదే గొంతుతో మరో పేరు పిలిచాడు.

"దుర్గం నవత ఆదయ్య."

బెంచీల్లో ఒక్క తల కూడా ఉలిక్కిపడలేదు. రెండో వరసలోని ఆడపిల్ల పక్కపిల్ల వైపు చూసి, ఇవాళ వంతు తనదేనని గుర్తొచ్చినట్టు లేచి నిలబడి, "హజర్ సర్" అంది.