లేని గోడ

"దీన్ని తొక్కింది మీరే కదా?"

హాలు మధ్యలో పక్కకు ఒరిగిపోయి ఉన్న రోబోను చూపిస్తూ అడిగిందామె. టిఫిన్ డబ్బా అంత ఉంటుందది. కింద రెండు చక్రాలు, ముందు రెండు గుండ్రటి కళ్ళు. తనే తయారుచేసిన ఆ రోబో నింపాదిగా నడుస్తుందని దానికి తాబేలు అని పేరు పెట్టుకుంది. ఇప్పుడు దాని ఎడమ చక్రం ఇరుసు వంగిపోయింది.

"నేను చూళ్ళేదు," అన్నాడు భర్త.

పట్టపగలు, నున్నటి నేలమీద, ఎర్రరంగు వేసిన డబ్బా. చూళ్ళేదట. ఆమె ఇంకో నాలుగు మాటలు అంది. అతను ఒక్కదానికీ బదులు చెప్పకుండా లోపలి గదిలోకి వెళ్ళిపోయాడు. తప్పు చేసినవాడే అలా నోరు మూసుకుంటాడనుకుంది. ఆదివారం రోబోల పోటీ. గది నిండా పెట్టెలు పేర్చి ఉంచుతారు, దేనికీ తగలకుండా రోబో ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళాలి. పోయినసారి తాబేలు మొదలుపెట్టిన చోటే గిరగిరా తిరిగి అందరినీ నవ్వించింది. ఈ పిచ్చి ఇక చాలని అప్పుడే అన్నాడు భర్త.

ఇరుసు సరిచేసింది. అయినా తాబేలు ఎడమకే లాగుతోంది. చక్రం విప్పి చూస్తే పళ్ళ మధ్య తన జుట్టే ఓ పోగు చుట్టుకుని ఉంది. తీసేసరికి గీత గీసినట్టు నడిచింది. హమ్మయ్య అనుకునేలోపు ఇంకో తంటా. సాయంత్రం హాల్లో వదిలితే బాగానే వెళ్తూ వెళ్తూ ఠక్కున ఆగిపోయింది. వెనక్కి తగ్గి, పక్కకు తిరిగింది. ఎదురుగా గోడేదో ఉన్నట్టు. అక్కడ గోడా లేదు, కుర్చీ కాలూ లేదు.

ఆమె పనిచేసేది రక్తపరీక్షల ల్యాబ్‌లో. ఒక్కొక్కటే మార్చి చూడటం ఆమెకు అలవాటు. బ్యాటరీ మార్చింది. ఫ్యాన్ ఆపింది. కర్టెన్ వేసింది. దూరం కొలిచే ఆ కళ్ళనే తీసేసి కొత్తవి బిగించింది. ఏం చేసినా అంతే. మర్నాడు ల్యాబ్‌కు తీసుకెళ్ళి, భోజనాల గదిలో వదిలితే మాత్రం బుద్ధిగా బల్లల కాళ్ళ మధ్య నుంచి తప్పుకుంటూ పోయింది.

అంటే జబ్బు తాబేలుది కాదు, ఇంటిది.

ఇంటికొచ్చి దాన్ని బల్లమీద వెల్లకిలా పెట్టి, లాప్‌టాప్‌కు తగిలించి, అది చూస్తున్న దూరం ఎంతో అంకెల్లో చూస్తూ కూర్చుంది. భర్త దాని వెనక అటూ ఇటూ తిరిగాడు. అంకె కదల్లేదు. కాసేపటికి మామగారు వచ్చి తన పడక్కుర్చీలో కూర్చున్నారు. అంకెలు పిచ్చిపట్టినట్టు గంతులేశాయి. ఆయన లేచి పెరట్లోకి వెళ్ళగానే మళ్ళీ కుదురుకున్నాయి.

ఆమెకు ఒళ్ళు మండింది. పెద్దాయన ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ రేడియోలు బాగుచేసిన మనిషి. ఇలాంటివి చెడగొట్టాలన్నా ఆయనకే తెలియాలి. పైగా ఈమధ్య తండ్రీకొడుకులు వెనక గదిలో తలుపు దగ్గరకు వేసుకుని గుసగుసలాడుకోవడం, ఈమె అడుగు చప్పుడు వినగానే వానల గురించి మాట్లాడటం. ఇద్దరూ కూడబలుక్కున్నారన్నమాట. మొగుడు అంటే సరే. కూతురిలాంటి దానివని మాటకు ముందోసారి అనే మామగారు కూడానా?

మర్నాడు సాయంత్రం ల్యాబ్‌ నుంచి కాస్త ముందే వచ్చి, పెరటి వైపు నుంచి వంటింట్లోకి చేరి, తలుపు వార నుంచి చూసింది. మామగారు హాల్లో ఒక్కరే ఉన్నారు. కుడిచేతి మీద తువ్వాలు కప్పుకుని, ఆ చేతిని ముందుకు చాచి, మెల్లగా నడుస్తున్నారు. బీరువా ముందుకు రాగానే ఆగారు. పక్కకు తిరిగి గుమ్మం దాకా వెళ్ళి, అక్కడ మళ్ళీ ఆగారు. అడుగులు తడబడుతున్నాయి. అప్పుడు గమనించింది, ఆయన కళ్ళు మూసి ఉన్నాయి.

"మామయ్యగారూ, ఆ చేతిలో ఏంటది?"

ఆయన ఉలిక్కిపడ్డారు. తువ్వాలు జారింది. సబ్బుపెట్టె అంత పరికరం. దానికీ ముందు రెండు గుండ్రటి కళ్ళు, అచ్చం తాబేలుకున్నట్టే. ఆమె చేతిలోకి తీసుకుని గోడ వైపు పెట్టింది. గోడకు దగ్గరయ్యేకొద్దీ అది అరచేతిలో జుయ్యిమని వణికింది.

విషయం బోధపడింది. ఇది మన చెవికి వినపడని శబ్దం వదులుతోంది. అది తాబేలు చెవిన పడుతోంది. తన శబ్దమే దేనికో తగిలి తిరిగొచ్చిందనుకుని పాపం అది లేని గోడను చూసి ఆగిపోతోంది. చెడగొట్టాలని ఎవరూ ఏమీ చేయలేదు.

ఆమెకు సిగ్గుతో తలెత్తాలనిపించలేదు. ఇన్నాళ్ళూ ఒకే ఇంట్లో ఉంటూ, రోజూ అన్నం వడ్డిస్తూ, ఈ పెద్దాయన చూపు పోతున్న సంగతి తెలుసుకోలేకపోయింది. తెలుసుకోకపోగా దొంగను పట్టుకున్నట్టు పట్టుకుంది. ఆయన్ను చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది.

"ఎప్పట్నుంచి ఇలా? మీ అబ్బాయికైనా చెప్పారా?"

ఆయన ఆమె చేతిలోంచి ఆ పరికరాన్ని తీసుకుని, తువ్వాలుతో దాని కళ్ళు జాగ్రత్తగా తుడిచారు.

"నాకేం అమ్మాయ్, ఇప్పటికీ సూదిలో దారం ఎక్కిస్తాను. ఇది సరిగ్గా పనిచేస్తుందో లేదో ముందు నేను నడిచి చూసి, ఆ తర్వాత వాడి చేతికిద్దామని."