ఫెరో మీద మొదటి వాక్యం

లాటిన్ లెక్చరర్ ఉద్యోగం ఒక్కటే. పరీక్షకు కూర్చున్నది ఇద్దరు. ఒకడు ప్రొఫెసర్ గారి మేనల్లుడు, ఆయన క్లాసులోనే చదివినవాడు. రెండోది ఆ క్లాసు పక్కగదిలో, లైబ్రరీ పుస్తకాలు సర్దే ఆవిడ.

“దుమ్ము దులిపే చేతికి లాటిన్ కావలసొచ్చిందా!” అని ప్రొఫెసర్ మూతి విరిచాడు. ఆవిడ వినేలాగే అన్నాడు. ఆయన గొంతుకు మెల్లగా పలకడం రాదు.

ఇంట్లో అక్క పోరు వేరు. “తమ్ముడూ, నా కొడుక్కి ఈ ఉద్యోగం రాకపోతే నీ గడప తొక్కను” అని తేల్చేసింది.

దిద్దేది ఆయనే. కానీ పేపర్ల మీద పేర్లుండవు, అంకెలే. అందుకని ముందురోజే మేనల్లుణ్ణి పిలిచాడు.

“ప్రశ్న ‘ఫెరో’ మీద. ఫెరో అంటే మోస్తాను; ఆ క్రియకు రూపాలు మూడు: ఫెరో, తులి, లాటుం. ‘చూడ్డానికి ముగ్గురు, పుట్టుకకు ఇద్దరే’ అని మొదలుపెట్టు, నీదని గుర్తుపడతా. ఏటా క్లాసులో చెప్పేదేగా, గుర్తుంటుందా?”

“ఎందుకుండదు మామయ్యా!” అన్నాడు మేనల్లుడు ఆవులిస్తూ.

పరీక్ష అయ్యాక ప్రొఫెసర్ మొదటి పేపరు తెరిచాడు. ‘ఫెరో, తులి, లాటుం మూడూ మూడు వేరు ధాతువుల నుంచి పుట్టాయి’ అని ఉంది. ప్రొఫెసర్ పగలబడి నవ్వాడు. తులి, లాటుం ఒక్క తల్లి బిడ్డలని కూడా తెలియని మొహానికి ఉద్యోగమట! సున్నా చుట్టి, పక్కన ఎర్రసిరాతో రాశాడు: “ఈ శాల్తీకి లాటిన్ నేర్పిన గాడిద ఎవరో కనుక్కోవాలి.”

రెండోది తెరిచాడు. ‘చూడ్డానికి ముగ్గురు, పుట్టుకకు ఇద్దరే.’

ఆయన మొహం చేటంతయింది. రూపాలన్నీ తప్పు లేకుండా ఉన్నాయి. ఫెరో మన ‘భరించు’కు దూరపు చుట్టమని కూడా ఉంది. మేనమామ పోలిక ఎక్కడికి పోతుందని మురిసిపోయి, నూటికి నూరు వేశాడు. కింద “ఇలా నేర్పిన గురువు ధన్యుడు” అని రాసి సంతకం గీకాడు.

ఫలితాల రోజు అక్క ముందువరసలో కూర్చుంది. చప్పట్లకు ప్రొఫెసర్ చేతులు సిద్ధం చేసుకున్నాడు. ప్రిన్సిపాల్ రెండు పేపర్ల మీది ఎర్రసిరా రాతలూ బిగ్గరగా చదివాడు. ప్రొఫెసర్ నవ్వు ఆపుకోలేకపోయాడు.

తర్వాత ప్రిన్సిపాల్ అంకెల వెనక పేర్లు విప్పి, గాడిద శిష్యుడు మేనల్లుడనీ, నూటికి నూరు ఏళ్ల తరబడి గోడవతల పుస్తకాలు సర్దుతూ ఆ పాఠం విన్న ఆవిడవనీ ప్రకటించాడు.