పెద్దాయన అభిప్రాయం

"బాక్సు అట్ల కాదప్పా, ఇట్ల తిప్పు" అన్నాడు ఓబుళేసు.

జయరాం బిత్తరపోయాడు. తాను జనం వైపు పెట్టిన స్పీకరు బాక్సును ఈ ముసలాయన పడమటి గుట్టల వైపు తిప్పుతున్నాడు. చావడి నీడలో ఉన్న టీవీని అప్పటికే ఎత్తుకొచ్చి, ఎండలో కళ్లం నడిమధ్య పెట్టారు.

"ఈ ఎండకు బొమ్మ కనపడదన్నా."

"కనపడకుంటే పోనీలే. ఆయమ్మ గొంతు బయటికి పోవల్ల."

జయరాం వంగి వైర్లు కలపసాగాడు. అనంతపురంలో పెళ్లి వీడియోలు తీసుకునే మనిషి, రెండేళ్లు ఊరూరా తిరిగి జానపద గాయని తిప్పమ్మ జీవితం మీద గంటసేపు నడిచే సీడీ ఒకటి తయారు చేశాడు. పాత ఫోటోలు, రేడియోలో పాడిన పాటలు, చివరి రోజుల్లో తాను స్వయంగా తీసిన దృశ్యాలు, అన్నీ అందులో ఉన్నాయి. పోయే ముందు ఆమె ఒకటే అడిగింది. "మా ఊరోళ్లు ఇది మా తిప్పమ్మే అంటేనే టీవీ వాళ్లకియ్యి నాయనా. లేదంటే వద్దు." జయరాం ఆమె చేతిలో చెయ్యేసి సరేనన్నాడు. నల్లమాడ దగ్గరి ఈ పల్లె ఆమెదే. ఈరోజు వీళ్లు కాదంటే రెండేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

అభిప్రాయాలు రాసుకోవడానికి పుస్తకం తెచ్చాడు. అందులో నాలుగు పేజీలు పోయిన వారం కణేకల్లులోనే నిండాయి. కాలవ కింద వరి పండించుకునే ఊరది. అభిమానులు కుర్చీల్లో కుదురుగా కూర్చుని చూశారు. "యాడుండావో సామీ, అలిగి పోయినోడా, వాకిలి తీసినాం రారా" అని ఆమె ఎత్తుకోగానే ఒక పంతులు కళ్లు తుడుచుకున్నాడు. "మొగుని కోసం ఎంత విరహమప్పా!" అన్నాడు. తల పైకెత్తి పాడే ఆమె ఠీవిని ఇంకొకాయన మెచ్చుకున్నాడు. సన్మానాల ఫోటోలు తక్కువైనాయని మరొకాయన అలిగాడు కూడా.

ఇక్కడేమో సీడీ మొదలై పావుగంటైనా ఒక్కరూ నోరు మెదపలేదు. ఆడవాళ్లు చాటలు ముందేసుకుని శనక్కాయలు ఒలుస్తున్నారు. ఇదేమన్నా సినిమా హాలనుకున్నారా అని జయరాంకు ఒళ్లు మండింది. విచిత్రమేమిటంటే, ఒక్కరూ ఒక్క గింజ నోట్లో వేసుకోలేదు. ఓబుళేసైతే టీవీ వైపు వీపు పెట్టి విత్తనం వేసే గొర్రుకు తాళ్లు బిగించుకుంటున్నాడు.

అప్పుడు ఆ పాట వచ్చింది.

చాటలు కిందికి దిగాయి. అందరూ లేచి నిలబడ్డారు. తిప్పమ్మకు నలభై ఏళ్లు వంత పాడిన చెన్నమ్మ, నెత్తిమీది కొంగు తీసేసి ఎండలో తల పైకెత్తి "రారా" అని అందుకుంది. వెనక ఊరంతా అందుకుంది. ఒక్కరి చూపూ టీవీ మీద లేదు. కంప్యూటరు ముందు వెయ్యిసార్లు విన్న పాటే, జయరాంకు ఇప్పుడు ఒళ్లంతా గగుర్పొడిచింది. ఇంత పాటను తాను పట్టి పెట్టెలో పెట్టాననుకున్నందుకు సిగ్గేసింది.

"మళ్లా ఎయ్యి" అన్నాడు ఓబుళేసు.

వేశాడు. అయిపోగానే గొంతు సర్దుకుని పుస్తకం తీశాడు.

"ఎట్లుండాదన్నా? మీ తిప్పమ్మేనా?"

"మేం చెప్తే అయితాదా? చెప్పాల్సింది పెద్దాయన."

"ఎవరు, సర్పంచా?"

జనంలో నవ్వులు లేచాయి.

"ఆయన ముందర సర్పంచెంత!" అంది చెన్నమ్మ. "తిప్పక్క పాడితే ఎంత దూరాన ఉన్నా వచ్చేటోడు. పోయినేడు అక్క పోయింది. ఆ పొద్దు నుంచి ఈ దిక్కుకే రాల్యా."

జయరాం చెవులు నిక్కబొడుచుకున్నాయి. "అయితే ఈ పాట ఆయన కోసమేనా?"

"ఇంకెవురి కోసమనుకుంటివి?"

ఇన్నేళ్ల తర్వాత బయటపడిందన్నమాట అసలు కథ! తెల్ల పంచె, నెరిసిన మీసం, ఎక్కడో దూరపు ఊళ్లో ఒంటరిగా బతికే ముసలాయన ఒకడు అతని కళ్ల ముందు కదిలాడు. ఆయన్ను పట్టుకోకుండా సీడీ తీసినందుకు తన్ను తానే తిట్టుకున్నాడు.

"యాడుంటాడక్కా ఆయన?"

"ఆయనకొక ఊరా, ఇల్లా!"

"ఈ పొద్దు వస్తాడా మరి?"

ఓబుళేసు గొర్రు వదిలి దగ్గరికొచ్చాడు. "ఇది తిప్పమ్మ గొంతేనని నమ్మితే వస్తాడు. నమ్మకుంటే నువ్వు తెచ్చింది వట్టి డబ్బా. తీసుకపోవచ్చు."

రెండేళ్ల కష్టం, చేతిలో చెయ్యేసి ఇచ్చిన మాట, అన్నీ ఎవరో ముక్కూ మొహం తెలియని అభిమాని చేతిలో పడ్డాయి. జయరాం మూడోసారి పాట పెట్టి, సౌండు పూర్తిగా పెంచాడు.

"అలిగి పోయినోడా..." పోయిన మనిషి గొంతు గుట్టలకు తగిలి తిరిగొచ్చింది. చెన్నమ్మ గొంతు చివర్లో జీరపోయింది. అయినా ఆపలేదు, ఏడుస్తూనే "రారా" అంది. జయరాం కళ్లలో కూడా నీళ్లు తిరిగాయి.

పాట ఆగింది. జయరాం పుస్తకంలో 'పెద్దాయన' అని రాసి, పక్కన ఖాళీ వదిలి, కలం పట్టుకుని కూర్చున్నాడు.

చెన్నమ్మ ఉన్నట్టుండి రెండు చేతులూ జోడించింది.

"వచ్చినాడు" అంది.

జయరాం గబుక్కున లేచి బస్సు దారి వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు.

పడమటి గుట్టల వెనక ఉరిమింది.